లాంచీ మీద పుట్టింటికి

ఈ మధ్య చేతిసంచులకు కూడా జిప్పులు పెడుతున్నారు. నాకు నచ్చలేదు. సంచి అన్నాక మూతి తెరిచి ఉండాలి. మా రోజుల్లో బస్సులో పక్కన కూర్చున్న మనిషి ఎవరింటికి వెళ్తున్నాడో, ఎన్నాళ్ళుంటాడో, ఆ ఇంటివాళ్ళంటే అతనికి ఏపాటి గౌరవమో, ఒళ్ళో ఉన్న సంచిలోకి ఒకసారి తొంగిచూస్తే తెలిసిపోయేది. అరటిపళ్ళు పైన ఉంటే ఒక లెక్క, తువ్వాలు కింద దాచి ఉంటే ఒక లెక్క. ఇప్పుడా జ్ఞానమంతా జిప్పు కింద పడిపోయింది. మనుషుల మధ్య మాటలు తగ్గిపోవడానికి టీవీ కారణమంటారు గానీ, నా అనుమానం మాత్రం జిప్పు మీదే.

జిప్పులు రాకముందే సంచి మూతి మూసిన మనిషిని నేను ఒక్కరినే చూశాను. మా పిన్ని. ఎనభైల్లో ఒక వానాకాలం చివర, మా ఊరివాళ్ళం బస్సు మాట్లాడుకుని నాగార్జునకొండ చూడ్డానికి వెళ్ళిన రోజున, ఆవిడ తన గుడ్డసంచి మూతిని సూదీ దారంతో కుట్టేసి మరీ తెచ్చింది. మిరపకాయల బస్తాకు వేసినట్టు, పెద్ద పెద్ద కుట్లు.

మాది మార్టూరు దాటాక లోపలికి ఉండే పల్లె. ఒక పక్క పత్తి, ఒక పక్క మిరప, మధ్యలో మేము. నేనప్పటికి గుంటూరు బ్రాడీపేటలో ఒక ట్యుటోరియల్ కాలేజీలో ఇంగ్లీషు చెప్తున్నాను. ఊళ్ళో ఎమ్మే పాసైనవాణ్ణి నేనొక్కణ్ణే కావడంతో, ఎందులో ఎమ్మే అన్నది ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు. గేదె మేత మానేసినా, రేడియోలో గరగర వచ్చినా నన్నే పిలిచేవాళ్ళు. కాబట్టి శిథిలాల గురించి చెప్పే బాధ్యత కూడా నా మీదే పడింది.

మిరప నాట్లు అయిపోయాయి. పత్తికి మళ్ళీ మందు కొట్టడానికి ఇంకా వ్యవధి ఉంది. డ్యాము గేట్లెత్తారని పేపర్లో వచ్చింది. ఊరు కదలడానికి అంతకంటే కారణం అక్కర్లేదు. మావాళ్ళు వెళ్ళింది గేట్ల కోసం. లాంచీ ఎక్కడం, రిజర్వాయరు మధ్యలో ఉన్న కొండ, దాని మీది పాత కట్టడాలు, ఇవన్నీ కొసరు.

కొసరు కోసమే వచ్చిన మనిషి పిన్ని ఒక్కతే. ఆవిడ పుట్టిన ఊరు ఆ నీళ్ళ అడుగున ఉంది. డ్యాము కట్టేటప్పుడు లోయలో ఊళ్ళన్నీ ఖాళీ చేయించారు. ఆ ఊళ్ళో జరిగిన ఆఖరి పెళ్ళిళ్ళలో పిన్నిది ఒకటి. ముందు అమ్మాయి అత్తారింటికి వెళ్ళింది, ఆ వెనకే ఊరు కూడా వెళ్ళిపోయింది. ఆవిడ ఒక్కతే కూతురు. మాచర్ల దగ్గర ఇచ్చిన కొత్త చోట తల్లిదండ్రులకు నీళ్ళు పడలేదో, మనసే పడలేదో, ఇద్దరూ ఎక్కువకాలం బతకలేదు.

మా వైపు మొగుడూ పెళ్ళాలు పోట్లాడుకుంటే దానికొక పద్ధతుంది. ఆడమనిషి సంచి సర్దుకుని పుట్టింటికి పోతుంది. అక్కడ ఆవిడ చెప్పిందంతా విని, అల్లుణ్ణి ఆవిడకంటే ఎక్కువగా తిడతారు. నాలుగు రోజులు పోయాక మొగుడు ఇస్త్రీ చొక్కా వేసుకుని దిగుతాడు. మామగారు మొహం ముడుచుకునే కాళ్ళకు నీళ్ళిస్తాడు. అత్తగారు మాట్లాడకుండా గారెలు వండుతుంది. వెళ్ళేటప్పుడు అల్లుడికి పంచెల చాపు పెట్టి, కూతుర్ని వెంట పంపిస్తారు. దీన్లో ఎవరూ ఓడిపోరు. గారెలు కూడా అయిపోతాయి.

పిన్నికి ఈ సదుపాయం లేదు. ఆ లేకపోవడాన్ని మా బాబాయి తన అదృష్టంగా ఊరంతా చెప్పుకునేవాడు. "మా ఆవిడ అలిగితే పుట్టింటికి ఈదుకుంటూ పోవాలి. దానికా, ఈత రాదు!" ఇది ఆయన మొదటి జోకు. రెండోది కాలువ మీద. మా చేలకు పారేది సాగర్ కాలువ. నీళ్ళొదిలినప్పుడల్లా వీధిలోంచే కేకేసేవాడు: "ఏమేవ్, మీ పుట్టింటి నించి సారె వచ్చింది. చేలోకి మళ్ళించుకు రానా?" ఆయన మంచివాడే. ఈ రెండు జోకులూ తీసేస్తే ఇంకా మంచివాడు. వాటికి అందరం నవ్వేవాళ్ళం. పిన్ని కూడా నవ్వేది. అందరికంటే కొంచెం ఆలస్యంగా.

ఈత బాబాయికీ రాదు. నిండు బావి దగ్గరికి కూడా వెళ్ళేవాడు కాదు. నీళ్ళు ఏ మట్టానికి దిగాయో చూసి చెప్పడానికి పాలేరును పంపేవాడు. దీన్ని ఆయన భయం అనేవాడు కాదు. 'పడదు' అనేవాడు, కొందరికి వంకాయ పడనట్టు.

టూరు అనగానే పిన్ని ఒకే ఒక్క మాట అడిగింది. "మీరూ నాతో లాంచీ ఎక్కండి. పెళ్ళయినాక మా ఊరివైపు ఇద్దరం కలిసి పోయింది లేదు." బాబాయి సరేనన్నాడు. లాంచీ అప్పటికి చాలా దూరంలో ఉంది.

బస్సు తెల్లవారకముందే బయల్దేరింది. నరసరావుపేటలో కాఫీలకు ఆగాం. కాఫీ బాగాలేదని చెప్పుకోవడానికి ఇంకాసేపు ఆగాం. పిన్ని సంచి ఆవిడ ఒళ్ళోనే ఉంది. వెనక సీట్లోంచి ఎవరో అడిగారు.

"ఏందొదినా అందులో, బంగారమా?"

"నీకెందుకయ్యా, ముందు చూసుకో."

"నేను ముందుకే చూస్తన్నా. సంచే అడ్డమొస్తంది."

బాబాయి అందుకున్నాడు. "గోంగూర పచ్చడి అయ్యుంటదిలే. పిడుగురాళ్ళ దాటాక ఆకలేసి అదే విప్పుద్ది."

ముందు సీట్లో కూర్చున్న మా నాయనమ్మ, అంటే బాబాయిని కన్నతల్లి, వెనక్కి తిరిగి సంచిని ఎగాదిగా చూసింది. "పచ్చడికి ఎవరన్నా ఆపరేషనుకి వేసినట్టు కుట్లేస్తారంట్రా?" అంది.

పిడుగురాళ్ళ దాటింది. మాచర్ల కూడా దాటింది. సంచి విప్పలేదు.

విజయపురి సౌత్ రేవు దగ్గర దిగేసరికి ఎండ బాగానే ఎక్కింది. మెట్ల కింద లాంచీ ఊగుతోంది. పెద్దగా ఏమీ కాదు, పిల్లను జోకొట్టినంత. బాబాయి దాన్ని చాలాసేపు చూశాడు. తర్వాత ఆయనకు హఠాత్తుగా బస్సు మీద ప్రేమ పుట్టుకొచ్చింది.

"భోజనాల గిన్నెలన్నీ బస్సులోనే ఉన్నాయి. కాపలా ఎవరుంటారు?"

"డ్రైవరున్నాడుగా," అన్నాను.

"డ్రైవరుకి కాపలా ఎవరుంటార్రా?"

పిన్ని మెట్ల మీద నిలబడి ఉంది. "రారా?" అని అడిగింది.

"రాననట్లేదే. ఇక్కణ్ణించే చూస్తానంటన్నా. అంత పెద్ద కొండ, కనపడకేం చేస్తది?"

"వస్తానన్నారు."

లైన్లో ఉన్న జనమంతా ఇటు తిరిగారు. మనుషులు తిరిగి చూస్తే బాబాయికి ఒకటే దారి. "మీ పుట్టింటికి నువ్వెళ్ళిరావే!" అన్నాడు, ఆఖరివాడికి కూడా వినపడేట్టు. "నాకు ఈతొచ్చినాక నేనొస్తా!"

మావాళ్ళు నవ్వారు. మావాళ్ళు కానివాళ్ళు కూడా నవ్వారు. ఆ రోజు పిన్ని ఆలస్యంగా కూడా నవ్వలేదు. సంచిని చంకలో పెట్టుకుని లాంచీ ఎక్కింది.

లాంచీ నడిపే సరంగు పక్కనే నిలబడి తన ఊరి పేరు చెప్పి ఎక్కడొస్తుందని అడిగింది. అతను చక్రం వదలకుండా గడ్డంతో చూపించాడు. "ఆ కొండ మొన తిరిగినాక, ఎడం చేతివైపమ్మా." మొన తిరిగింది. ఎడం చేతివైపు నీళ్ళున్నాయి. కుడి చేతివైపు కూడా అవే ఉన్నాయి. పిన్ని మాత్రం ఎడంవైపే చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, అటు ఏదో ఇల్లు కాలుతున్నంత శ్రద్ధగా.

"ఏమన్నా కనపడుతోందా పిన్నీ?"

"నీళ్ళురా," అంది.

కొండ మీద నేను నా ఉద్యోగం మొదలుపెట్టాను. ఒకప్పుడు ఈ స్తూపాలూ విహారాలూ అన్నీ కింద లోయలో ఉండేవనీ, రిజర్వాయరు నిండకముందే తవ్వి తీసి, పైకి మోసుకొచ్చి, ఎలా ఉన్నవి అలా మళ్ళీ పేర్చారనీ చెప్పాను. ఇటుకలు కూడా అక్కణ్ణించే తెచ్చారా అని ఒకాయన అడిగాడు. తెచ్చారన్నాను. ఆయన ఒక ఇటుకను జానతో కొలిచి, ఇప్పటి బట్టీవాళ్ళ నిజాయితీ గురించి కాసేపు మాట్లాడాడు. ఇంకొకాయన స్తూపం చుట్టూ ఉన్న చదునైన నేలను పాదంతో రాసి చూసి, మిరపకాయలు ఆరబోసుకోవడానికి ఇలాంటి కల్లం మా పక్కన ఎవరికీ లేదన్నాడు. పదిహేడొందల ఏళ్ళ చరిత్రకు మా ఊరు ఇచ్చిన గౌరవం అది. తక్కువేమీ కాదు.

నాయనమ్మ చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని నడుస్తోంది.

"ఇక్కడ దేవుడెవర్రా?"

"బుద్ధుడు నాయనమ్మా."

"పెళ్ళాన్ని నిద్రలో ఉండగా వదిలేసి పోయినాయనేనా?"

"ఆయనే."

"తర్వాత ఆ పిల్ల పుట్టింటికి పోయిందా, అత్తారింట్లోనే పడుందా?"

ఎమ్మేలో ఈ ప్రశ్న రాలేదు. తెలీదన్నాను. "ఏం చదువుకున్నావో," అని ఆవిడ చెప్పులు వేసేసుకుంది.

పిన్ని మాతో తిరగలేదు. బండిచక్రంలా గుండ్రంగా, మధ్యలో చక్రం ఆకుల్లా అడ్డగోడలు కూడా పెట్టి కట్టిన ఒక స్తూపం దగ్గర, గట్టున నీడ చూసుకుని కూర్చుంది. లాంచీ హారన్ కొట్టినా లేవలేదు. మావాళ్ళందరికీ ఆకలిగా ఉంది. పులిహోర, పెరుగన్నం అవతలి ఒడ్డున బాబాయి కాపలాలో ఉన్నాయి. ఆ కాపలా గురించి అందరికీ కొంచెం ఆందోళనగానే ఉంది.

"పద పిన్నీ, లాంచీ వెళ్ళిపోద్ది."

"పోనీరా."

"మళ్ళీ సాయంత్రందాకా లేదు. అదే ఆఖరిది."

"దాంట్లో మీ బాబాయి వస్తారు."

"బాబాయా? దేనికి?"

"నన్ను తీసుకెళ్ళడానికి." సంచి సర్దుకుని కూర్చుంది. "పుట్టింటికొచ్చిన దాన్ని మొగుడొచ్చి తీసుకెళ్ళాలా, వద్దా?"

"ఇది పుట్టిల్లేంటి పిన్నీ? మ్యూజియం!"

"నువ్వే చెప్పావుగా, ఇవన్నీ కింద మా లోయలోంచి తెచ్చి పెట్టారని. మావాళ్ళలో పైకొచ్చి బతికింది ఇవేరా. వీటి దగ్గరికి రాక ఎవరి దగ్గరికి పోను?"

అనవసరంగా చరిత్ర చెప్పినందుకు నా వంక నలుగురైదుగురు కోపంగా చూశారు. ఇక అత్తగారు గట్టిగా నాలుగు తిడితే కోడలు లేస్తుందని అందరూ నాయనమ్మ కోసం చూశారు. ఆవిడ మెల్లిగా వచ్చింది. పిన్ని మొహం చూసింది. చేతికర్ర పక్కన పెట్టి, మోకాళ్ళు పట్టుకుని, పిన్ని పక్కనే కూలబడింది.

"నేనూ ఉంటా. అలిగొచ్చిన పిల్లని ఒంటరిగా వదిలేస్తారా ఎవరన్నా?"

"నువ్వు అత్తగారివమ్మా!" అని గుర్తుచేశారెవరో.

"తెలుసులే. ఆడపిల్ల తరఫున ఇక్కడ ఎవరున్నారు, ఈ రాళ్ళు తప్ప? మాట్లాడ్డానికి నోరున్నవాళ్ళు ఒకరుండాలిగా." తర్వాత గొంతు పెంచింది. "మీరెళ్ళండి. వాడితో చెప్పండి. నీ పెళ్ళాం పుట్టింటికి పోయిందిరా, వచ్చి తీసుకుపో, అని."

లాంచీ మావాళ్ళందరితో వెళ్ళిపోయింది. అందులో ఇంకేం తడిసినా ఈ కబురు మాత్రం తడవకుండా చేరుతుందని నాకు నమ్మకం. నేను ఉండిపోయాను. పెద్దవాళ్ళిద్దరినీ వదిలి ఎలా వెళ్తానని పైకి అన్నాను. లాంచీ ఎక్కితే ఆ కబురు నన్నే చెప్పమంటారన్నది లోపలి సంగతి.

జనం వెళ్ళాక పిన్ని పళ్ళతో దారం తెంపి సంచి విప్పింది. పైన ఒక చీర, మడత నలగనిది. దాని కింద సున్నుండల డబ్బా. అడుగున కాగితంలో చుట్టిన కొత్త పంచెల చాపు, జరీ అంచుది. నాయనమ్మ అంచు మీద వేలు పెట్టి చూసింది.

"ఎవరికే ఇది?"

"అల్లుడికండీ, అత్తయ్యా. పెళ్ళయినాక మావాళ్ళు ఎప్పుడూ పెట్టలేదుగా."

నాయనమ్మ చాపును మళ్ళీ కాగితంలో చుట్టింది. పిన్ని సున్నుండ చేతిలో పెడితే తీసుకుని నమిలింది. ఆవిడకు పళ్ళు తక్కువే, కానీ అంతసేపు పట్టే సున్నుండ కాదది.

"ఆయనొస్తే ఇక్కడ కూచోబెట్టి, చేతిలో పెట్టి, తలా ఒకటి తిని పోదామనుకున్నా," అంది పిన్ని, నాతో అన్నట్టు. "అలగాలని రాలేదురా నేను. అలగడం రేవులో వచ్చింది."

ఎండ వాలింది. కొండ మీది కాపలా మనిషి మా దగ్గరికి మూడోసారి వచ్చాడు. "చీకటిపడితే ఇక్కడ ఎవర్నీ ఉండనియ్యమమ్మా. ఆఖరి లాంచీకి వెళ్ళాల్సిందే."

"మా ఆయనొస్తారు బాబూ. రాగానే వెళ్ళిపోతాం."

"రాకపోతే?"

పిన్ని డబ్బా మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టింది. రాకపోయినా ఆవిడ లాంచీ ఎక్కేదే, అది మా ముగ్గురికీ తెలుసు. కాకపోతే ఎవరూ తీసుకెళ్ళడానికి రాని మనిషిగా ఎక్కేది. ఇన్నేళ్ళూ జోకుగా ఉన్నది ఆ సాయంత్రం నించి నిజమయ్యేది. నేను ఏదైనా సరదాగా అందామనుకుని నోరు తెరిచి, సున్నుండ పెట్టుకుని మూసుకున్నాను.

ఆఖరి లాంచీ మొన తిరిగి కనపడింది. దాదాపు ఖాళీగా వస్తోంది. సరిగ్గా మధ్యలో, ఇనప స్తంభాన్ని కౌగిలించుకుని ఒక భారీ విగ్రహం నిలబడి ఉంది. మెడలో, ఆపదకని లాంచీలో వేలాడదీసే రబ్బరు ట్యూబు, పెళ్ళికొడుకు దండలా.

"అదుగో, మీ బాబాయి," అంది పిన్ని. గబగబా పైట సర్దుకుని, మొహం ముడుచుకుని, అటు తిరిగి కూర్చుంది. ఆ పద్ధతి ఆవిడకు ఎవరు నేర్పారో.

బాబాయి ఒక కాలు దించి, నేలను తొక్కి చూసి, అది ఊగదని నమ్మకం కుదిరాక రెండోది దించాడు. ట్యూబు తీయడం మర్చిపోయి అలాగే పైకి వచ్చాడు. మనిషి మొహంలో రంగు అవతలి ఒడ్డునే వదిలేసి వచ్చినట్టుంది.

నాయనమ్మ తను తెచ్చుకున్న మంచినీళ్ళ మరచెంబు చేతిలోకి తీసుకుంది. "రా నాయనా. కాళ్ళు కడుక్కో."

"ఇందాకట్నించీ నీళ్ళ మీదేగా ఉంది! ఇంకా నీళ్ళేంటమ్మా?"

"ఇది అత్తారిల్లు. మర్యాదగా కడుక్కో."

కడుక్కున్నాడు. చుట్టూ చూశాడు. ఇటుకలు, రాళ్ళు, కాపలా మనిషి, నేను. మమ్మల్ని ఏ వరసలో పలకరించాలో ఆయనకు తోచలేదు. నాయనమ్మే అడిగింది: "మా పిల్లని నవ్వులపాలు చేస్తన్నావంట. నిజమేనా?"

"అమ్మా, నువ్వు నా తల్లివే!"

"ఇంటికి పోయినాక."

పిన్ని లేచింది. పంచెల చాపు మీద సున్నుండ పెట్టి రెండు చేతులా ఇచ్చింది. "మావాళ్ళు పెట్టారు. తీసుకోండి." బాబాయి అందుకున్నాడు. మా బాబాయి మాట కోసం వెతుక్కోవడం నేను చూడ్డం అదే మొదటిసారి. చివరికి దొరికింది.

"అంచు బాగుంది," అన్నాడు.

కిందనించి హారన్ కొట్టారు.

"ఇంక పోదాం," అన్నాడు బాబాయి.

"చెప్తున్నారా, అడుగుతున్నారా?"

ఆయన కాపలా మనిషి వంక చూశాడు. అతను మర్యాదగా స్తూపం వంక చూస్తున్నాడు. "అడుగుతున్నా," అన్నాడు బాబాయి. పిన్ని సంచి తీసి ఆయన చేతికిచ్చి ముందు నడిచింది.

లాంచీలో బాబాయి మళ్ళీ నడిమధ్యకే చేరాడు. సంచీ, పంచెల చాపూ ఒళ్ళో, ట్యూబు మెడలో, కళ్ళు గట్టిగా మూసి. పక్కన పిన్ని. ఎదురుగా నేను, నాయనమ్మ. మొన తిరగగానే సరంగు వెనక్కి చూసి, పొద్దున చూపినట్టే గడ్డంతో చూపించాడు. పిన్ని బాబాయి మోచేతి మీద చెయ్యి వేసింది.

"కళ్ళు తెరవండి. మా ఊరొచ్చింది."

ఆయన ఒక కన్ను తెరిచాడు. తర్వాత రెండోది. నీళ్ళు పొద్దునలాగే ఉన్నాయి, కొంచెం ఎర్రగా.

"ఇప్పుడు మా ఇంటి మీదుగా పోతున్నాం," అంది పిన్ని. గొంతులో కోపం లేదు. "ఆ ఈత సంగతి ఎప్పుడూ అందరికీ చెప్తారుగా. ఇక్కడ చెప్పండి, మావాళ్ళు కూడా వింటారు."